మగ్గం గుంటలో విమానాలు

మా వీధి ఆడవాళ్లంతా సాయంత్రమైతే సీరియళ్లు చూసి ఏడిచేవారు. ఖుర్షీద్ బేగానికి ఏడుపు కథలు పడవు. ఆమెకు విమానం కావాలి. అందులో నిండా జనం ఉండాలి. దాన్ని ఎవడో ఒకడు పిస్తోలు చూపించి దారి మళ్లించాలి. అట్లాంటి సినిమా అయితే హిందీ అయినా, ఇంగ్లీషు అయినా, ఏ దేశపు భాషో తెలియకపోయినా కడదాకా కూర్చుని చూసేది. "అర్థమైతదా అక్కా?" అని ఒకసారి అడిగాను. "తలకాయకు పిస్తోలు పెట్టినంక ఇంకేం అర్థం కావాలె తమ్మీ?" అంది. నేను మళ్లీ అడగలేదు.

నా పేరు సీతారాములు. గద్వాలలో మగ్గం నేస్తాను. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ నడుమ ఒకటే గోడ. నేను నేసిన చీరల కొంగులకు కుచ్చులు కట్టేది ఖుర్షీద్ బేగమే. పోగులు పాయలు చేసి, మెలేసి, ముడులు వేసే పని అది. సినిమా చూస్తూనే కట్టేది. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. విమానంలో గొడవ ముదిరిన చోట ముడి కొంచెం గట్టిగా పడేది. నా చీర కట్టుకున్న ఏ పెళ్లికూతురికీ ఈ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కుచ్చుల్లో మాత్రం నేనెన్నడూ వంక పెట్టలేకపోయాను.

పాత బస్టాండు దగ్గర ముజీబ్ అనే అతనికి సీడీల దుకాణం ఉండేది. ఖుర్షీద్ బేగం మెట్లు ఎక్కకముందే అతను "రాలేదమ్మా" అనో "వచ్చింది" అనో చెప్పేవాడు. ఏమిటని ఇద్దరూ అనుకునే పనిలేదు. నలుగురి చేతుల్లో పడి గీతలు పడ్డ సీడీలను అగ్గువకు ఆమెకే అమ్మేసేవాడు. అట్లా ఆమె బీరువా మీద ఆ సినిమాలు వరుసగా పేరుకున్నాయి. ఒక్కో అట్ట మీద ఒక్కో విమానం, దాని వెనక మంటలు.

అప్పట్లో ఒక్కో సినిమాకు రెండు డిస్కులు. మొదటి డిస్కు అయిపోయేసరికి విమానం ఆకాశంలో ఉండేది. అప్పుడామె లేచి నమాజు చేసుకుని, చాయ్ పెట్టి, గోడ మీది నుంచి మాకూ అందించి, ఆ తర్వాతే రెండో డిస్కు వేసేది. అంతవరకు అందులో వాళ్లు చేతులు పైకెత్తుకుని కూర్చోవాల్సిందే. ఈలోగా కరెంటు పోయిందంటే ఇక వాళ్ల కర్మ.

చూడటంలోనూ ఆమె తీరు వేరు. నేను, నా భార్య కిష్టమ్మ, అందరం హీరోనే చూస్తాం. ఖుర్షీద్ బేగం మాత్రం మొదట్లో జనం విమానం ఎక్కుతున్నప్పుడే ఒక మనిషిని ఏరుకునేది. ఎక్కువగా కిటికీ పక్కన కూర్చునే ముసలామెను. "గీమె నాది" అనేది. అక్కణ్ణుంచి ఆ ముసలామెకు ఏమవుతుందన్నదే సినిమా. హీరో రెక్క పట్టుకుని వేలాడుతున్నా పట్టించుకునేది కాదు. "వాడు ఎట్లనన్న బతుకుతడు తియ్యి. మా ముసలామె గోలీ ఏసుకున్నదో లేదో ఒక్కడన్న సూపిస్తుండా?" అని కోపం చేసేది. ఆఖర్లో విమానం దిగి వచ్చేవాళ్లలో తన మనిషి కనబడకపోతే రిమోటుతో వెనక్కి తిప్పి వెతికేది. అప్పటికీ కనబడకపోతే ఆ సినిమా తీసినవాడికి ఆ పూట మా గల్లీలో శాపనార్థాలే.

ఆమె భర్త షంషుద్దీన్ ఆర్టీసీలో డ్రైవరు చేసి రిటైరయ్యాడు. మేమంతా డ్రైవర్ సాబ్ అంటాం. సర్వీసులో ఎక్కువ భాగం గద్వాల నుంచి వనపర్తికి, వనపర్తి నుంచి గద్వాలకు గడిచింది. సినిమా మొదలైన కాసేపటికే గోడకు ఆనుకుని నిద్రపోయేవాడు. మధ్యలో ఎప్పుడైనా మెలకువ వస్తే ఒకటే మాట అనేవాడు. "వానికి నడపనీకి రాదు. వీన్ని చంపుతనంటడు. చంపితే బండెవడు నడపాలె? బేవకూఫ్ గాడు." మళ్లీ నిద్రపోయేవాడు. ఆ మాటలో తప్పేమీ లేదు గాని, దాంతో సినిమా అంతా చప్పబడిపోయేది.

సాబ్‌ను కూడా ఒకసారి హైజాక్ చేశారని ఖుర్షీద్ బేగం గొప్పగా చెప్పుకునేది. పెబ్బేరులో ఒక పెళ్లి గుంపు బస్సెక్కి, ముహూర్తం దాటిపోతోందని, బస్సును నేరుగా వీపనగండ్లకు తోలమని ఇంజను బానెట్ మీద కూర్చున్నారట. సాబ్ తోలాడు. భోజనం కూడా చేసి వచ్చాడు. డిపోలో చీవాట్లు పడ్డాయి. "పెండ్లికొడుకు చేతిల కత్తి ఉండె తమ్మీ" అని ఆమె ప్రతిసారీ చెప్పేది. పెళ్లికొడుకు అన్నాక చేతిలో కత్తి ఉంటుంది, దానికి నిమ్మకాయ కూడా గుచ్చి ఉంటుంది. ఈ మాట నేనెన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

రెండు వేల తొమ్మిదిలో ఆ మొగుడూపెళ్లాలకు హజ్ యాత్ర లాటరీలో పేర్లు వచ్చాయి. అంతకుముందు రెండుసార్లు పెట్టుకుంటే రాలేదు. సాబ్‌కు మోకాళ్లు అప్పటికే సహకరించడం లేదు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమకాలు అరిగిపోయింది. ఈసారి పోకపోతే ఇక ఈ జన్మకు పోలేనని ఆయనే అనేవాడు. పైగా ఆ ఏడు నుంచి హజ్‌కు పోయేవాళ్లకు కూడా మామూలు పాస్‌పోర్టే ఉండాలన్నారు. పాస్‌పోర్టు రావాలంటే పోలీసాయన ఇంటికి వచ్చి విచారించి, మంచివాళ్లేనని రాసి పంపాలి.

సాబ్ అప్పటిదాకా ఎవరికీ భయపడటం నేను చూడలేదు. కృష్ణ వరద బీచుపల్లి వంతెన అంచు దాకా వచ్చినప్పుడు నిండు బస్సును నింపాదిగా దాటించిన మనిషి. అట్లాంటివాడు పోలీసాయన వస్తాడన్న రోజు, ఇంకా తెల్లారీ తెల్లారకముందే, ఖుర్షీద్ బేగం పాలకు పోయిన సందు చూసి మా ఇంట్లోకి వచ్చాడు. చేతిలో డ్యూటీ చేసిన రోజుల నాటి ఖాకీ సంచి ఉంది.

"సీతారాం, ఇవి జర నీ కాడ పెట్టుకో. పోలీసాయన వచ్చి పోయెదాక."

"ఏందివి సాబ్?"

"విమానాలు."

సంచి విప్పి చూశాను. బీరువా మీది సరుకంతా అందులోనే ఉంది.

"అక్కకు తెల్సా?"

"తెలిస్తే ఇస్తదా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పేపర్ల రోజు ఏం వస్తున్నదో సూస్తున్నవు గదా. ఏదో ఒక బాంబు, పక్కన ఒక గడ్డమున్నోని ఫోటో. మా ఇంట్ల బీరువ మీద గివి సూస్తే ఏమనుకుంటడు?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు గోడకు గోడ ఆనుకుని బతికాం, ఇంత ఆలోచన ఈయన తలలో తిరుగుతున్నట్టు నాకు తెలియనే తెలియదు. అట్లాగని కాదనే ధైర్యమూ లేదు. సందుగలో పెడదామంటే పట్టు ఉంది. అటక మీద ఎలుకలు. కిష్టమ్మే ఉపాయం చెప్పింది. మాది గుంట మగ్గం. నేసేవాడు గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వదిలి, అక్కడి తొక్కుడు చెక్కలను తొక్కుతూ నేయాలి. ఆ గుంటలో మూలకు సంచి నెట్టేశాం. పైన నేను ఎర్రంచు చీర నేస్తూ కూర్చున్నాను.

ఎండ ముదిరే వేళకు పోలీసాయన వచ్చాడు. పేరు చెన్నయ్య. మామూలు బట్టల్లోనే ఉన్నాడు. ఆ నెల ఊరంతా పాస్‌పోర్టు విచారణలే కాబోలు, బాగా అలసిపోయి కనిపించాడు. పక్కింటివాడి సంతకం కావాలంటే నన్నూ పిలిచారు. సాబ్ ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు వేసుకుని, రేషన్ కార్డు, ఓటరు కార్డు ముందర పెట్టి, ఎంతో నెమ్మదిగా జవాబులు చెప్పాడు. ఎన్నేళ్ల నుంచి ఇక్కడున్నారు, కేసులేమైనా ఉన్నాయా, ఇంతకుముందు దేశం దాటారా. జిల్లాలోనే లింగాల, అమ్రాబాద్ రూట్లలో కొన్నాళ్లు డ్యూటీ చేశానని, అంతకంటే దూరం పోలేదని సాబ్ చెప్పాడు. చెన్నయ్య రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను. అతను పెన్నుకు మూత పెట్టాడు. పని అయిపోయింది.

అప్పుడు ఖుర్షీద్ బేగం చాయ్ తెచ్చింది.

"సార్, మీరు పోలీసోళ్లే గదా? మా ఇంట్ల దొంగతనమైంది."

సాబ్ తల పైకెత్తి ఫ్యాను వైపు చూడటం మొదలుపెట్టాడు.

"ఏం పోయినయమ్మా? బంగారమా?"

"బంగారం యాడిది సార్. నా సినిమాలు. సీడీలు. పాలకు పోయి వచ్చెవరకు బీరువ మీద ఒక్కటి లేదు."

"ఏం సినిమాలు?"

"హైజాక్‌వి."

చెన్నయ్య పెన్ను మూత తీశాడు. "అన్నీ గవేనా?"

"ఏరేవి నేను చూడ సార్."

చెన్నయ్య అలవాటు కొద్దీ అడిగాడు. "ఎవరి మీదనన్న అనుమానమున్నదా?"

ఆమె ఎన్నో సినిమాలు చూసిన మనిషి. ఆలోచించి చెప్పింది. "బయటోడు కాదు సార్. టీవీ ముట్టలే, ప్లేయర్ ముట్టలే. గవే కావాలని వచ్చిండు. నేను పాలకు ఎప్పుడు పోతనో తెలిసినోడే. దగ్గరోడే ఎవడో." అంటూ నా వైపు తిరిగి, "ఏమంటవు తమ్మీ?" అని నన్నే అడిగింది. నేను చాయ్ తాగుతున్నాను. కాలుతున్న చాయ్‌ను ఒక్క గుక్కలో మింగేశాను.

చెన్నయ్య ఇక లేస్తే చాలునని నేను దేవుణ్ణి మొక్కుకున్నాను. లేచాడు. లేచినవాడు నేరుగా పోకుండా, "నువ్వు మగ్గం నేస్తవంటివి గదా. మా ఇంటామె గద్వాల చీర గద్వాల చీర అని పానం తీస్తున్నది. ఎట్ల నేస్తరో జర సూపిస్తవా?" అన్నాడు. గద్వాలకు వచ్చిన ప్రతివాడికీ మగ్గం చూడాలని ఉంటుంది. కాదనడానికి నాకు కారణం దొరకలేదు.

మా ఇంటికి వచ్చాం. వెనకే సాబ్ వచ్చాడు. ఆయన వెనక, పోలీసాయనకు బిస్కెట్లు ఇయ్యడం మరిచిపోయానంటూ ఖుర్షీద్ బేగం వచ్చింది. కిష్టమ్మ వాళ్లందరినీ చూసి వంటింట్లోకి పోయి అక్కడే నిలబడిపోయింది. నేను గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలో పెట్టాను. పొద్దుట్నుంచి తొక్కిన తొక్కుడుకు సంచి జారి ఎప్పుడో చెక్క కిందికి వచ్చేసినట్టుంది. ఒక పోటు వేశాను. పోగు చుట్టిన నాడె ఇటు నుంచి అటు పోయింది. రెండో చెక్క తొక్కితే అది కిందికి దిగలేదు. గట్టిగా తొక్కాను. ఫట్టుమని ఏదో విరిగింది.

"ఏందో ఇరిగినట్టున్నది" అని చెన్నయ్య వంగి, సాయం చేద్దామని చెయ్యి పెట్టి, ఖాకీ సంచి బయటికి లాగాడు. మూతి ఊడి సీడీలు నా చీర కింద నేల మీద పరుచుకున్నాయి. ఎటు చూసినా మండుతున్న విమానాలే.

"దొరికినయ్!" అని ఖుర్షీద్ బేగం సంబరంగా అరిచింది. తర్వాత నన్ను చూసింది. "తమ్మీ, నువ్వా?"

నేను నోరు విప్పితే సాబ్ హజ్ పోతుంది. విప్పకపోతే నా పరువు పోతుంది. పరువు పోతే పోయిందని కూర్చున్నాను. నేయడానికి కూడా వీల్లేదు, చెక్క కింద ఇంకో విమానం ఇరుక్కుని ఉంది.

"అతను కాదు. నేనే పెట్టిన" అన్నాడు సాబ్.

చెన్నయ్య లేచి నిలబడ్డాడు. ఇప్పుడు అతని మొహంలో అలసట లేదు. "ఎందుకు దాచినవు?"

సాబ్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "భయపడి దాచిన సార్. గివి మా ఇంట్ల చూస్తే మీరేమన్న అనుకుంటరని."

"ఏమనుకుంటరు?" అంది ఖుర్షీద్ బేగం.

సాబ్ నేల మీది సీడీల వైపే చూస్తున్నాడు.

"ఏమనుకుంటరు జీ? సినిమాలే గదా. ముజీబ్ దుకాణంల ఊరంత కొంటది. సీతారాములు తమ్ముడు నా పక్కన కూసొని చూడలేదా? కిష్టమ్మ చూడలేదా? ఆళ్లు చూస్తే ఏమనుకోరు గదా. మేము చూస్తే ఏమనుకుంటరు?"

ఆమె ఒక్కొక్కరి మొహం చూస్తూ అడిగింది. ఆ గదిలో జవాబు తెలియని మనిషి ఆమె ఒక్కతే. నాకు తెలుసు, వంటింట్లో ఉన్న కిష్టమ్మకు తెలుసు, చెన్నయ్యకు అందరికంటే బాగా తెలుసు. నాకు సాబ్ మీద పట్టరాని కోపం వచ్చింది. అది సాబ్ మీద రావాల్సిన కోపం కాదని అప్పుడే తెలుసు, కానీ ఎదురుగా ఆయనే ఉన్నాడు.

మేమెవరం చెప్పకపోయినా ఆమెకు మెల్లగా తెలిసింది. తెలుస్తుండటం మాకు కనబడింది. సీడీల అట్టల వైపు చూసింది, సాబ్ గడ్డం వైపు చూసింది. కొంగు తల మీదికి లాక్కుని మగ్గం గట్టు మీద కూర్చుంది.

"మేమా?" అంది.

చెన్నయ్య మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి వంగి, సీడీలు తనే ఒక్కొక్కటి ఏరి సంచిలో వేశాడు. ఒక అట్ట చేతిలో పట్టుకుని, "ఇది నేను సగం చూసిన. కరెంటు పోయింది. ఆఖరికి ఏమైతదమ్మా?" అని అడిగాడు.

ఆమె అట్ట చూసింది. "ముసలామె ఇల్లు చేరుతది సార్" అంది.

అతను ఆ సినిమాలో ముసలామె ఎవరో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినట్టున్నాడు. తర్వాత మా ఇంట్లోనే, నా మగ్గం పక్కనే నిలబడి కాగితం మీద రాయాల్సింది రాసేశాడు. "ఏ అభ్యంతరం లేదని రాసిన. పోయిరాండ్రి. నా పేరు మీద కూడ ఒక దువా చెయ్యండ్రి" అని సాబ్‌కు చెప్పి, చీర సంగతి ఎత్తకుండా వెళ్లిపోయాడు. సాబ్ నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నేను ఆయన్ను నాలుగు మాటలు అన్నాను, అని నేనూ ఏడ్చాను.

పాస్‌పోర్టులు వచ్చాయి. కిష్టమ్మ పోరుపెట్టగా ఒక శుక్రవారం ఖుర్షీద్ బేగం మళ్లీ ఒక సీడీ వేసింది. జనం విమానం ఎక్కుతున్నారు. "ఈసారి ఎవరక్కా?" అంది కిష్టమ్మ. ఆమె ఎవరినీ ఏరుకోలేదు. చాలాసేపు చూసి, "ఇన్నేండ్లు చూసిన గాని పిస్తోలు పట్టుకున్నోళ్ల మొఖం నేనెన్నడు సరిగ చూడనే లేదు. వీడు మా మరిది లెక్క లేడా కిష్టమ్మా?" అంది. మొదటి డిస్కు అయిపోయింది. రెండో డిస్కు వేయలేదు. ఆ విమానం ఇప్పటికీ గాలిలోనే ఉంది.

హజ్ నుంచి తిరిగి వచ్చిన నాడు గల్లీ అంతా వాళ్లింట్లోనే ఉంది. ఖర్జూరాలు, అక్కణ్ణుంచి తెచ్చిన పవిత్రమైన జమ్‌జమ్ నీళ్లు పంచారు. మక్కా ముచ్చట్లు అయ్యాక కిష్టమ్మ విమానం సంగతి అడిగింది. ఎంత చూసిన మనిషి, ఎంత చెబుతుందో అని అందరం దగ్గరికి జరిగాం. ముందు సాబ్ చెప్పాడు. ఎత్తడం బాగానే ఎత్తాడట, దింపేటప్పుడే పైలట్ బ్రేకు సరిగా వేయలేదట.

తర్వాత ఖుర్షీద్ బేగం చెప్పింది. "ఇమానం నిండ మనోళ్లే కిష్టమ్మా. అందరికి గడ్డాలే. అందరు నోట్ల ఏదో చదువుకుంటుండ్రు. నీళ్లిచ్చెటందుకు ఒక చిన్న పిల్ల ఉండె, మన సాయిశ్రీ అంత ఉంటది." సాయిశ్రీ మా బిడ్డ. "ఇంతమంది నడుమ గా పిల్ల ఒక్కతే తిరుగుతున్నది. మమ్ముల చూసి ఏమనుకుంటున్నదో, భయపడ్తున్నదో ఏమో తెల్వదు. అందుకని నా దిక్కు చూసినప్పుడల్ల నవ్విన. చూడనప్పుడు గూడ నవ్వుకుంటనే కూసున్న, మల్ల ఎప్పుడు చూస్తదో అని. జిద్దా దాక నవ్విన. దిగెటప్పటికి దవుడలు నొచ్చినయి."

కిష్టమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "పోయెటప్పుడేనా అక్కా?" అని అడిగింది.

"వచ్చెటప్పుడు గూడ" అంది ఖుర్షీద్ బేగం.